ఇనుప దుమ్ముకి రెండు తూనికలు

లండన్ భూగర్భ రైలు మార్గాల్లో ఆఖరి బండి వెళ్ళిపోయి, పట్టాలకి కరెంటు ఆపేశాక కొందరు పనివాళ్ళు సొరంగాల్లోకి దిగుతారు. అక్కడ వాళ్ళని ఫ్లఫర్లు అంటారు. పట్టాల మధ్య, కేబుళ్ళ మీద, గోడల అంచుల్లో పేరుకున్న చెత్తని బ్రష్షులతో, వాక్యూమ్ మిషన్లతో తీయడం వాళ్ళ పని. ఆ చెత్తలో ప్రయాణికుల వెంట్రుకలుంటాయి, బట్టల నూలుపోగులుంటాయి, ఒంటిమీంచి రాలిన పొట్టు ఉంటుంది. వాటన్నిటికీ నల్లరంగు పట్టించేది మాత్రం ఇనుము. ఇటీవలి సంవత్సరాల్లో ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సంస్థ ఈ పనికి అయస్కాంతపు కర్రల్ని కూడా వాడుతోంది. గోడ పక్కన కర్ర ఆడిస్తే దుమ్ము దానికి అంటుకుంటుంది. ఇంట్లో అటకమీద పేరుకునే దుమ్ము ఇలా చేయదు.

ఈ దుమ్ముని రోజూ, ఏళ్ళ తరబడి పీల్చే మనిషికి ఏమవుతుంది? రైలు నడిపేవాడు, ప్లాట్‌ఫాం మీద నిలబడేవాడు, టికెట్లు చూసేవాడు, అర్ధరాత్రి పట్టాలు సానబట్టేవాడు, వీళ్ళ ఊపిరితిత్తుల్లో, గుండెలో, రక్తంలో ఏం జరుగుతుంది? పాతికేళ్ళుగా స్టాక్‌హోం, లండన్, న్యూయార్క్, పారిస్, సియోల్ నగరాల పరిశోధకులు ఈ ప్రశ్న మీద పని చేస్తున్నారు. ప్రయోగశాలలు ఒకటి చెబుతున్నాయి, కార్మికుల రికార్డులు ఇంకొకటి చెబుతున్నాయి. ప్రశ్న కష్టమైనదే, కాదనను. కానీ జవాబు తేలకపోవడానికి అంతకన్నా పెద్ద కారణం మరొకటుంది. కొలతలు చాలావరకు ప్రయాణికుడి చుట్టూనే తిరిగాయి. కార్మికుల్ని చూసినప్పుడు కూడా తక్కువ దుమ్ము పీల్చేవాళ్ళనే ఎక్కువగా చూశారు.

ముందు దుమ్ము సంగతి. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లుతుంది. మలుపుల్లో రాసుకుంటుంది, బ్రేకు వేస్తే అరుగుతుంది. అరిగినదంతా కంటికి కనపడని పొడిగా గాలిలోకి లేస్తుంది. ఉక్కులో కలిపిన మాంగనీసు, క్రోమియం ఆ పొడిలో ఉంటాయి. బ్రేకు దిమ్మెలనుంచి బేరియం, యాంటిమొనీ వస్తాయి. పైనున్న తీగనుంచి కరెంటు తీసుకునే చోట రాగి కలుస్తుంది. కంకరనుంచి, కాంక్రీటునుంచి కొంత స్ఫటిక సిలికా. రోడ్డుమీద పుట్టిన పొడిని గాలి ఎత్తుకుపోతుంది, వాన కడిగేస్తుంది. సొరంగంలో ఆ రెండూ లేవు. పైగా గొట్టంలాంటి దారిలో దూసుకొచ్చే బండి, సైకిల్ పంపులో కడ్డీ గాలిని నెట్టినట్టు, ముందున్న గాలినంతా స్టేషన్లోకి నెడుతుంది. అడుగున పడ్డ దుమ్ము బండి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ లేస్తుంది.

ఇలా లేచి పడే దుమ్ముకి వయసు కూడా ఉంటుందని 2022లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపించారు. లండన్ ట్యూబ్ టికెట్ హాళ్ళలో, ప్లాట్‌ఫాంల మీద, డ్రైవర్ల క్యాబిన్లలో తీసిన దుమ్ములో మాగ్హెమైట్ అనే ఇనుప ఆక్సైడ్ బాగా ఉంది. అరిగిన ఇనుము మాగ్హెమైట్‌గా మారాలంటే చాలా కాలం పడుతుంది. అంటే ఆ దుమ్ము నిన్న మొన్నటిది కాదు, బయటికి దారి దొరక్క సొరంగంలోనే తిరుగుతున్న పాత సరుకు. రేణువుల్లో కొన్ని 5 నానోమీటర్లంత చిన్నవి. పెద్ద రేణువుల్ని మాత్రమే పట్టే మామూలు కొలతలకి ఇవి సరిగ్గా దొరకవు.

ఎంత దుమ్ము? 2003లో స్టాక్‌హోంలోని మారియాటోర్యెట్ స్టేషన్ కొలతలు వెలువడ్డాయి. పగటివేళ ఘనపు మీటరు గాలిలో పీఎం 10 (10 మైక్రోమీటర్లు మించని రేణువులు) సగటున 470 మైక్రోగ్రాములు, పీఎం 2.5 (2.5 మైక్రోమీటర్లు మించనివి) సగటున 260. ఆ నగరంలో అత్యంత రద్దీ వీధుల్లో ఒకదానితో పోలిస్తే ఇవి 5 రెట్లు, 10 రెట్లు ఎక్కువ. 2005లో ఆంథొనీ సీటన్ బృందం లండన్ ప్లాట్‌ఫాంల మీద పీఎం 2.5 ని 270 నుంచి 480 దాకా చూసింది. డ్రైవర్ క్యాబిన్లలో 130 నుంచి 200. ఆ దుమ్ము బరువులో 67 శాతం ఇనుప ఆక్సైడే. 2020లో వచ్చిన మరో లండన్ అధ్యయనం మొత్తం మార్గాల్ని చుట్టి సగటు 88 అని తేల్చింది, అయితే ఆ సగటు కింద మార్గానికీ మార్గానికీ ఉన్న తేడా చాలా పెద్దది. పైపైన నడిచే డిస్ట్రిక్ట్ లైన్లో మధ్యస్థం 4 మైక్రోగ్రాములు. ప్రయాణికులు ఎక్కే దారంతా భూమిలోనే ఉన్న విక్టోరియా లైన్లో 361. ఒకే సంస్థ, ఒకే టికెట్టు, ఒకే యూనిఫాం. డ్యూటీ ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి ఊపిరిలో తొంభై రెట్ల తేడా! 2021లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు హడ్సన్ నది కింద నడిచే పాత్ రైలు మార్గంలో క్రిస్టఫర్ స్ట్రీట్ స్టేషన్‌ని కొలిస్తే అంకె వెయ్యి దాటింది. ఢిల్లీ చలికాలపు పొగమంచు వార్తలు చదివేవాళ్ళకి ఆ వెయ్యి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ప్రయాణికుడు ఆ గాలిలో పది నిమిషాలుంటాడు, పావుగంట ఉంటాడు. ఉద్యోగి పూట పొడుగునా ఉంటాడు. ఎనిమిది గంటల పనిలో మనిషి దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఘనపు మీటరుకి 200 మైక్రోగ్రాములున్న చోట షిఫ్టుకి 2 మిల్లీగ్రాములు. ఏడాదికి 250 షిఫ్టులనుకుంటే అర గ్రాము, ముప్ఫై ఏళ్ళ సర్వీసుకి 15 గ్రాములు. పీల్చిందంతా లోపల నిలవదు. కొంత ఊపిరితోనే తిరిగొస్తుంది, కొంత కఫంతో పోతుంది. సన్నటి భాగం మాత్రం గాలితిత్తుల దాకా దిగుతుంది. పట్టాలు మోసేవాడు, గడ్డపార పట్టేవాడు ఈ లెక్కకన్నా ఎక్కువే పీలుస్తాడు, ఎందుకంటే ఆయాసం వచ్చిన మనిషి నోటితో పీలుస్తాడు, ముక్కు చేసే వడపోత అక్కడ జరగదు.

ఈ వివాదం కరెంటు రైళ్ళకన్నా పాతది. లండన్‌లో 1863లో మొదలైన భూగర్భ రైలు ఆవిరి ఇంజన్లతో నడిచేది. సొరంగాల గాలి మీద 1897లో ప్రభుత్వ విచారణ సంఘం కూర్చుంది. ఊపిరాడక తన దుకాణానికి వచ్చేవాళ్ళకి 'మెట్రోపాలిటన్ మిక్స్చర్' అనే మందు కలిపి ఇచ్చేవాణ్ణని స్టేషన్ దగ్గరి ఒక మందుల షాపతను దాని ముందు చెప్పాడు. రైల్వే వర్గాలు మాత్రం తమ సిబ్బంది నిక్షేపంగా ఉన్నారన్నాయి. తరవాత బొగ్గు పోయి కరెంటు వచ్చింది. పొగ పోయింది, దుమ్ము మిగిలింది. 'మా సిబ్బంది బాగానే ఉన్నారు' అన్న జవాబు కూడా మిగిలింది.

ప్రయోగశాలల మాట వింటే భయం వేస్తుంది. 2005లో హన్నా కార్ల్‌సన్ తోటివారితో కలిసి స్టాక్‌హోం సబ్‌వే దుమ్మునీ వీధి దుమ్మునీ మనిషి ఊపిరితిత్తుల కణాల మీద వేసి చూశారు. డీఎన్ఏ దెబ్బతీయడంలో సబ్‌వే దుమ్ము వీధి దుమ్ముకన్నా దాదాపు 8 రెట్లు తీవ్రంగా కనిపించింది, ఆక్సీకరణ ఒత్తిడి కలిగించడంలో 4 రెట్లు. దీనికి రసాయన శాస్త్రంలో కారణముంది. శరీరంలో సహజంగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఇనుము కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన అణువు పుడుతుంది. అది కొవ్వునీ ప్రొటీన్లనీ డీఎన్ఏనీ దేన్నీ వదలదు. రాగి కూడా ఇలాంటి పనే చేస్తుంది.

కానీ గాజు పళ్ళెంలో పెంచిన కణం వేరు, బతికున్న మనిషి ఊపిరితిత్తి వేరు. కార్ల్‌సన్ బృందమే ఆ మరుసటి ఏడాది ఇంకో సంగతి చూపించింది: వాపు పుట్టించే విషయంలో వీధి దుమ్ముదే పైచేయి. సౌతాంప్టన్‌లో మాథ్యూ లాక్స్‌హం బృందం శ్వాసనాళపు కణాల్ని వాటి సహజమైన జిగురు పొరతో సహా పెంచి పరీక్షిస్తే, ఆ పొర చాలా దెబ్బల్ని కాచుకుంది. ఇనుప ఆక్సైడ్ నీళ్ళలో సులభంగా కరగదు, కాబట్టి పీల్చిన ఇనుమంతా వెంటనే రసాయనానికి దిగదు. స్టాక్‌హోంలో 20 మంది ఆరోగ్యవంతుల్ని రెండు గంటలపాటు సబ్‌వే గాలిలో ఉంచారు. ఊపిరితిత్తుల పనితీరు తగ్గలేదు. రక్తంలో ఫైబ్రినోజెన్ మాత్రం పెరిగింది, రోగనిరోధక కణాల్లో కొంత కదలిక కనిపించింది. ఫైబ్రినోజెన్ పెరగడమంటే రక్తం గడ్డకట్టే వైపు కొద్దిగా మొగ్గడం. స్వల్పంగా ఆస్తమా ఉన్నవాళ్ళమీద ఇదే పరీక్ష చేస్తే వాళ్ళ ఊపిరితిత్తుల్లో చురుకైన టి-కణాలు పెరిగాయి. రెండు గంటలకే ఇంత స్పందన ఉందని భయపడేవాళ్ళుంటారు, ఇంతేగా అనేవాళ్ళూ ఉంటారు. రెండు గంటల పరీక్ష ముప్ఫై ఏళ్ళ సర్వీసు గురించి చెప్పగలిగేది తక్కువ అన్నదే నాకు సరిగ్గా తోస్తుంది.

ఇక అసలు కార్మికుల మీద జరిగిన పని. ఇందులో స్టాక్‌హోందే పెద్దపీట. కరోలీనా బిగెర్ట్ బృందం 2007లో సబ్‌వే డ్రైవర్ల గుండెపోట్ల లెక్క తీసింది. 1976 నుంచి 1996 వరకు స్టాక్‌హోం ప్రాంతంలో మొదటిసారి గుండెపోటు వచ్చిన 22,311 మంది మగవాళ్ళ రికార్డులు చూస్తే, వాళ్ళలో సబ్‌వే డ్రైవర్లుగా చేసినవాళ్ళు 54 మంది. మిగతా శారీరక శ్రమ చేసేవాళ్ళతో పోలిస్తే డ్రైవర్లకి ముప్పు ఎక్కువగా లేదు. మరుసటి ఏడాది పేర్ గుస్తావ్‌సన్, బిగెర్ట్‌తో కలిసి ఊపిరితిత్తుల క్యాన్సర్ లెక్క చూశాడు. అక్కడా డ్రైవర్లలో పెరుగుదల కనపడలేదు. ఇనుప దుమ్ము గురించి కంగారు అనవసరం అనేవాళ్ళు చూపించే ముఖ్యమైన సాక్ష్యాలు ఈ రెండే.

ఇప్పుడు అదే బృందం 2008లో వెలువరించిన మూడో పత్రం తెరవండి. ఎనభై మంది దాకా సబ్‌వే ఉద్యోగుల మెడలో మీటర్లు కట్టి, వాళ్ళు నిజంగా పీల్చే గాలిని కొలిచారు. పీఎం 2.5 సగటు టికెట్లు అమ్మేవాళ్ళకి 10 మైక్రోగ్రాములు, డ్రైవర్లకి 19, ప్లాట్‌ఫాం మీద పనిచేసేవాళ్ళకి 63. రక్తపరీక్షల్లో వాపుని సూచించే సీఆర్‌పీ, గడ్డకట్టే తత్వాన్ని సూచించే పీఏఐ-1 ప్లాట్‌ఫాం సిబ్బందిలోనే ఎక్కువగా కనిపించాయి. గుండెపోటు, క్యాన్సర్ లెక్కలు తీసింది మాత్రం 19 మైక్రోగ్రాముల డ్రైవర్ల మీద. మూడు రెట్లు ఎక్కువ పీల్చేవాళ్ళ మీద కాదు. డ్రైవర్లని ఎంచుకోవడానికి కారణం కుట్రేమీ కాదు, జనాభా లెక్కల్లో డ్రైవర్ అనే ఉద్యోగం విడిగా నమోదై ఉంది, ప్లాట్‌ఫాం మీద పని ఏ ఒక్క పేరుతోనూ నమోదు కాలేదు. రికార్డు ఉన్నచోటే పరిశోధన జరిగింది. దాన్నుంచి 'సబ్‌వే కార్మికులకి ప్రమాదం లేదు' అని తేల్చడం ఉన్న సాక్ష్యానికి మించిన మాట.

డ్రైవర్లతో ఇంకో చిక్కుంది. ఆరోగ్య పరీక్ష నెగ్గితేనే ఆ ఉద్యోగం వస్తుంది, పరీక్షలు నెగ్గుతుంటేనే నిలుస్తుంది. గుండె బలహీనపడ్డవాళ్ళు, ఆయాసం వచ్చినవాళ్ళు మధ్యలోనే బండి దిగి వేరే పనికి పోతారు. మిగిలినవాళ్ళని లెక్కబెడితే ఆరోగ్యంగానే కనిపిస్తారు. అన్ని వృత్తుల్లోనూ ఉండే తిరకాసే ఇది, డ్రైవర్ల విషయంలో మరీ ఎక్కువ.

న్యూయార్క్ లెక్క ఇంకో రకం. అక్కడి సబ్‌వే గాలిలో ఇనుము, మాంగనీసు, క్రోమియం బయటి గాలికన్నా వంద రెట్లు మించి ఉన్నాయని మొదట తేలింది కార్మికుల మీద చేసిన అధ్యయనంలో కాదు, హైస్కూలు పిల్లల మీద చేసిన అధ్యయనంలో. పిల్లలు వీపు సంచుల్లో మోసిన మీటర్లలో ఉక్కు దుమ్ము ఎక్కడిదా అని వెతికితే వాళ్ళెక్కిన రైలు దొరికింది. తరవాత 2010లో 39 మంది సబ్‌వే కార్మికుల్ని, 11 మంది బస్సు డ్రైవర్లని, 25 మంది శివారు ఆఫీసు ఉద్యోగుల్ని పోల్చి చూశారు. సబ్‌వే కార్మికులు పీల్చిన పీఎం 2.5 సగటు 52. కానీ ఆ 39 మందిలోనే ఒకరికి 6 ఉంటే ఇంకొకరికి 469. రక్తంలో క్రోమియం, డీఎన్ఏకి ప్రొటీన్లు అతుక్కున్న గుర్తులు బస్సు డ్రైవర్లకన్నా వీళ్ళలో ఎక్కువే గానీ ఆఫీసు ఉద్యోగులతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క గుర్తు మాత్రం నన్ను ఆపింది. ఆక్సీకరణ నష్టాన్ని చూపించే ఐసోప్రోస్టేన్ మూత్రంలో ఎంతుందన్నది, ఆ మనిషి సబ్‌వేలో ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నాడన్నదానితో పాటు పెరిగింది. 39 మందితో ఏదీ రుజువు కాదు. అయినా ఆ దారిలో పెద్ద అధ్యయనం ఒకటి జరగాలని చెప్పడానికి అది చాలు.

సొరంగాల్లో నేరుగా సాక్ష్యం తక్కువైనప్పుడు, అలాంటి దుమ్మే పీల్చే మరో వృత్తిని చూడటం ఒక పద్ధతి. వెల్డర్లని చూడొచ్చు. ఇనుప పొగ పీల్చిన వెల్డర్ల ఎక్స్‌రేల్లో మచ్చలు కనిపిస్తాయని 1936లోనే డాయిగ్, మెక్‌లాఫ్లిన్ రాశారు. దాని పేరు సిడెరోసిస్. సిలికోసిస్‌లా ఊపిరితిత్తిని గట్టిపరచదు, పని మానేస్తే మచ్చలు తగ్గొచ్చు కూడా. ఇనుప దుమ్ము నిరపాయకరం అన్న నమ్మకం చాలావరకు ఇక్కడినుంచే వచ్చింది. అయితే వెల్డర్లకి న్యుమోనియా మిగతావాళ్ళకన్నా ఎక్కువగా వస్తుందని, అందులో ఇనుముకి పాత్ర ఉందని తరవాత తేలింది. బ్రిటన్‌లో వెల్డర్లకి న్యుమోకోకల్ టీకా సిఫార్సు చేస్తారు. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వెల్డింగ్ పొగ, రైలు దుమ్ము ఒకటి కావు, వేడీ వేరు, మిశ్రమమూ వేరు. కానీ రాత్రిపూట సొరంగంలో పట్టాలకి అతుకులు వేసే ముఠాకి ఈ రెండూ ఒకే షిఫ్టులో ఎదురవుతాయి. వాటితోపాటు డీజిల్ ఇంజన్ల పొగ (అదీ 2012నుంచి మొదటి వర్గమే), కంకర మార్చేటప్పుడు లేచే సిలికా, పాత సొరంగాల్లో ఆస్బెస్టాస్, కొన్ని నేలల్లో రేడాన్. ఇన్నిటి మధ్య ఇనుము వాటా ఎంతని విడదీయడం శాస్త్రజ్ఞుడికి కావాలి. కార్మికుడికి అన్నీ ఒకే ఊపిరిలో వస్తాయి.

మెదడు గురించి కూడా ఈమధ్య మాట వినిపిస్తోంది. 2016లో లాంకస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా మేహర్ బృందం మెక్సికో సిటీ, మాంచెస్టర్‌లలో చనిపోయినవాళ్ళ మెదళ్ళలో బయటి గాలినుంచి వచ్చినట్టు కనిపించే మాగ్నెటైట్ రేణువుల్ని చూపించింది. మాంగనీసు ఎక్కువగా పీల్చిన గని కార్మికులకి, వెల్డర్లకి పార్కిన్సన్ లక్షణాలు రావడం ఎప్పటినుంచో తెలుసు. సొరంగాల్లో మాంగనీసు ఆ స్థాయికి చాలా దూరంలో ఉంటుంది. ఈ ముక్కని పట్టుకుని రైలెక్కితే మతిమరుపు వస్తుందని వాట్సాప్‌లో తిప్పడం బాధ్యత లేని పని.

ఇంత చూశాక పెద్దలు ఏమన్నారు? సీటన్ బృందం 2005లో, లండన్ కార్మికులకి గానీ ప్రయాణికులకి గానీ పెద్ద ముప్పు ఉండే అవకాశం లేదంది. వాళ్ళ వాదనలో బలముంది. ఇనుము బరువైనది, కాబట్టి అదే బరువుకి రేణువుల సంఖ్య తక్కువ, డీజిల్ పొగతో బరువు లెక్కన పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది. 2019లో బ్రిటిష్ ప్రభుత్వ సలహా సంఘం కోమీప్ ఇంకొంచెం జాగ్రత్తగా మాట్లాడింది. కొంత ఆరోగ్య ప్రమాదం ఉండే అవకాశముంది, ఎంతో చెప్పడానికి ఆధారాలు చాలవు, అందాకా దుమ్ము తగ్గించండి, పరిశోధన పెంచండి అంది. ఫ్రాన్స్ ఆరోగ్య భద్రతా సంస్థ ఆన్సెస్ 2015లో ప్రత్యేకంగా భూగర్భ రైలు కార్మికుల మీదే నివేదిక రాసి, గుండె, శ్వాస సంబంధమైన ప్రభావాల్ని తోసిపుచ్చలేమంది. 2019లో లాక్స్‌హం, న్యూవెన్‌హుయిసెన్ అప్పటిదాకా వచ్చిన సాహిత్యమంతా వడపోసినా ఇంతకన్నా గట్టి మాట దొరకలేదు.

అసలు చిక్కు తూనికలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణం ప్రకారం బయటి గాలిలో పీఎం 2.5 రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశపు ప్రమాణం 60. అదే మనిషి ఉద్యోగానికి సొరంగంలో దిగితే చట్టం వేరే తూనిక తీస్తుంది. ఊపిరితిత్తుల లోతుకి దిగే దుమ్ముకి బ్రిటన్‌లో పనిచోట పాటిస్తున్న హద్దు 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. ఇనుప ఆక్సైడ్ పొగకి అమెరికా చట్టం 10,000 దాకా ఒప్పుకుంటుంది. కొలిచే రేణువుల పరిమాణంలో కొంచెం తేడా ఉంది, నిజమే. బయటి ప్రమాణం పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ కూడా కాపాడాలి, అదీ నిజమే. కార్మికుడు వారంలోని 168 గంటల్లో 40 గంటలే అక్కడుంటాడు, దానికి నాలుగు రెట్లు సడలింపు ఇవ్వొచ్చు. ఆరోగ్యవంతుడు కాబట్టి ఇంకొన్ని రెట్లు ఇద్దాం. రెండు వందల అరవై రెట్లకి మాత్రం ఏ లెక్కా చాలదు. ఆ పాత హద్దులు ఫౌండ్రీల కాలంలో, దుమ్మంటే ఒట్టి చికాకు అనుకున్న రోజుల్లో పెట్టినవి. న్యూయార్క్‌లో 469 మైక్రోగ్రాములు పీల్చిన కార్మికుడు చట్టం దృష్టిలో పూర్తి భద్రంగా ఉన్నాడు! ఎడిన్‌బరోలోని వృత్తి వైద్య సంస్థ 2011లోనే ఈ 4 మిల్లీగ్రాముల హద్దు సరిపోదని, ఒకటికి దించుకోమని సంస్థలకి సలహా ఇచ్చింది. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ ఆ ఒకటినే తన హద్దుగా పెట్టుకుంది. చట్టం మాత్రం పాత అంకె దగ్గరే ఉంది.

పరిష్కారాలు ఉన్నాయి, అయితే అవి ఎవరికి మేలు చేస్తున్నాయో చూడాలి. సియోల్ 2009 నాటికి తన స్టేషన్లలో ప్లాట్‌ఫాంకీ పట్టాలకీ మధ్య అద్దపు తలుపులు పెట్టింది. ప్లాట్‌ఫాం మీద పీఎం 10 సుమారు 16 శాతం తగ్గింది. కానీ తలుపుల అవతల చిక్కుబడిన దుమ్ము రైలు లోపలికి చేరి, బోగీల్లో సుమారు 30 శాతం పెరిగిందని ఆ తరవాతి అధ్యయనం తేల్చింది. ప్లాట్‌ఫాం గార్డుకి ఊరట దొరికిన చోటే బండిలో ఉన్నవాళ్ళకి బరువు పెరిగింది. బ్రేకు వేసినప్పుడు చక్రాల శక్తిని మళ్ళీ కరెంటుగా మార్చే పద్ధతిలో బ్రేకు దిమ్మె అరుగుదల తగ్గుతుంది. ఢిల్లీ మెట్రో ఈ పద్ధతికే ఐక్యరాజ్యసమితి కార్బన్ క్రెడిట్లు సంపాదించింది, ఆ లెక్కలో కార్మికుడి ఊపిరికి పద్దు లేదు. సొరంగం శుభ్రం చేయడం తప్పనిసరి మందే, కానీ పొడి చీపురుతో చేస్తే ఆ రాత్రి ఊడ్చేవాడి నోట్లోకే పోతుంది. తడిపి తీయాలి, సన్నటి వడపోత ఉన్న వాక్యూమ్ వాడాలి, ముఖానికి సరిగ్గా అతికే మాస్కు ఇవ్వాలి. గుడ్డ మాస్కు ఈ రేణువులకి అడ్డు కాదు.

మన దేశంలో భూగర్భ మెట్రో 1984 అక్టోబర్ 24న కోల్‌కతాలో మొదలైంది. అక్కడ ఏసీ లేని, కిటికీలు తెరిచి నడిచే బండ్లు 2021 దాకా తిరిగాయి. అంటే ఒక తరం మోటర్‌మెన్, పాయింట్స్‌మెన్ సొరంగపు గాలిని సూటిగా పీల్చి రిటైరయ్యారు. ఇప్పుడు ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె సొరంగాల్లో వేలమంది పని చేస్తున్నారు, ఆంధ్ర, తెలంగాణలనుంచి వెళ్ళినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. హైదరాబాద్ మెట్రో ప్రస్తుతం మొత్తం స్తంభాల మీదే నడుస్తోంది కాబట్టి ఈ బాధ మనదాకా రాలేదు. కానీ దుమ్ముతో వచ్చే జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడుతుందో, పరిహారం అంతకన్నా ఎంత ఆలస్యంగా వస్తుందో సింగరేణి బొగ్గు గనుల కుటుంబాలకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నా అభిప్రాయం ఇది. ఈ దుమ్ము ప్రాణాంతకమని సాక్ష్యం చెప్పడం లేదు. ప్రయాణికుడు రైలు మాని రోడ్డెక్కాల్సిన అవసరం ఏమాత్రం లేదు. అయితే కార్మికుడి విషయంలో 'ప్రమాదం లేదు' అనే మాట ఇప్పటికి ఎవరూ రుజువు చేసినది కాదు. ఎక్కువ దుమ్ము పీల్చేవాళ్ళని ఎవరూ సరిగ్గా చూడనే లేదు. మన దగ్గర ఆ ముఠాల్లో చాలామంది కాంట్రాక్టు మనుషులు. కాంట్రాక్టరు మారితే రికార్డూ మారుతుంది, ఇరవై ఏళ్ళ తరవాత లెక్క తీద్దామన్నా పేర్లు దొరకవు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల కింద నిర్ణీత వయసు దాటిన కార్మికులకి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలి. మెట్రో సంస్థలు, యూనియన్లు దాన్ని బీపీ, షుగర్‌లతో సరిపెట్టుకోకూడదు. సొరంగంలో దిగే ప్రతి మనిషికీ, కాంట్రాక్టు మనిషైనా సరే, చేరిన రోజున ఒకసారి, ఆపైన ఏటేటా ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష చేయాలి. ప్లాట్‌ఫాం గోడకి మీటరు తగిలించి ఊరుకోకుండా, ఒక్కో పని చేసేవాళ్ళలో కొందరి మెడలో మీటరు కట్టి షిఫ్టంతా కొలవాలి. ఎవరు ఏ సొరంగంలో ఎన్నేళ్ళు పనిచేశారో కాంట్రాక్టరు మారినా చెరిగిపోని రిజిస్టరు ఒకటి మెట్రో సంస్థ దగ్గరే ఉండాలి. వీటిలో ఏదీ ఒక ఎస్కలేటర్ ఖరీదుకన్నా భారం కాదు.